చెరువు గట్టు లెక్కతో కంపెనీ ఖాతాలు చదివితే

భీమవరం, ఆకివీడు, గణపవరం ప్రాంతాల్లో రొయ్యల చెరువు పట్టుబడి అయిన రోజున రైతును ఎంత మిగిలిందని అడిగితే అతడు వెంటనే అంకె చెప్పడు. కౌంటు, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు, ఎంత తేలిందో, ఎన్ని టన్నులు వచ్చాయో చెబుతాడు. ప్లాంటు నుంచి డబ్బు ఎప్పుడు పడుతుందో, మేత డీలరు పద్దు ఎంత ఉందో, కౌలు, కరెంటు, డీజిలు, సీడు బాకీలు పోగా ఏం తేలుతుందో చూసుకున్న తరువాత గాని మిగులు అన్న మాట అతడి నోట రాదు. ఇంత జాగ్రత్త తెలిసిన మనిషే ఆ మిగిలిన డబ్బులో కొంత డీమ్యాట్ ఖాతాకు మళ్లించి లిస్టెడ్ కంపెనీ షేర్లు కొనేటప్పుడు మాత్రం, నికర లాభం ఇంత శాతం పెరిగిందన్న ఒక్క వార్తా శీర్షికతో సరిపెట్టుకుంటున్నాడు. చెరువు గట్టు మీద ఎన్నడూ చేయని పొరపాటును ఫోను తెర మీద చేస్తున్నాడు.

నేను ఇరవై ఏళ్లకు పైగా గోదావరి డెల్టాలోని బ్యాంకు శాఖల్లో రుణాల విభాగంలో పనిచేశాను. రైసు మిల్లులు, శీతల గిడ్డంగులు, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు ఇచ్చిన ఖాతాలు చదివి, ఆ తరువాత వెళ్లి సరుకు చూసి రావడం నా ఉద్యోగంలో పెద్ద భాగం. ఒక మిల్లులో గోడౌను నిండా కట్టిన ధాన్యం బస్తాల నెట్టును బయటి వరుసలు లెక్కపెట్టి హెచ్చవేసి సంతకం చేయబోతుండగా, మాతో వచ్చిన పాత గుమస్తా ఒకసారి నెట్టు మీదికెక్కి చూడమన్నారు. ఎక్కి చూస్తే నడుమ బావిలా ఖాళీగా ఉంది. బయటి వరుసల్లో అబద్ధం లేదు, ప్రతి బస్తాలోనూ ధాన్యమే ఉంది. అబద్ధమంతా ఆ వరుసల నుంచి మేము లోపలికి ఊహించుకున్న దానిలో ఉంది. కంపెనీ వార్షిక నివేదికలో నికర లాభం బయటి వరుస వంటిదని, మదుపు చేసేవాడు నెట్టు ఎక్కి చూడవలసిన చోట్లు వేరే ఉన్నాయని నా అభిప్రాయం.

మూడు పట్టికల సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. ఆస్తి అప్పుల పట్టీ మార్చి 31 నాటి ఒక్క రోజు చిత్రం. లాభనష్టాల ఖాతా ఏడాది పొడవునా జరిగిన వ్యాపారం కథ. నగదు ప్రవాహ నివేదిక ఆ వ్యాపారంలో డబ్బు నిజంగా ఎటు నుంచి వచ్చి ఎటు పోయిందో చెప్పేది. మన పెద్దల దుకాణాల్లో చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలుండేవి. రోజువారీ డబ్బు చిట్టాకెక్కేది, ఎవరి పద్దు ఎంతో ఆవర్జాలో తేలేది. చిట్టా చూడకుండా ఆవర్జా మాత్రమే చూసి షావుకారు ఏనాడూ తృప్తి పడలేదు. నేటి వార్తల్లో వినిపించే లాభం ఆవర్జా నుంచి వచ్చినది. సరుకు కొనుగోలుదారుకు అప్పగించి బిల్లు రాసిన నాడే అది అమ్మకమైపోతుంది, డబ్బు వచ్చినా రాకపోయినా. ఇందులో మోసమేమీ లేదు, అకౌంటింగ్ నియమమే అది. అయితే ఆ నియమం తెలియకుండా లాభాన్ని నమ్మడం ప్రమాదం.

ఒక ఉదాహరణ అనుకుందాం. ఇది ఏ కంపెనీకీ చెందని, లెక్క కోసం నేను వేసుకున్న అంకెల ఉదాహరణ. డెల్టాలో ఒక రొయ్యల ఎగుమతి కంపెనీ అమ్మకాలు ఏడాదిలో 800 కోట్ల నుంచి 1,000 కోట్లకు, నికర లాభం 40 కోట్ల నుంచి 56 కోట్లకు పెరిగాయి. శీర్షిక సిద్ధం: లాభం 40 శాతం వృద్ధి. ఇప్పుడు ఆస్తి అప్పుల పట్టీ తెరుద్దాం. రావలసిన బాకీలు 120 కోట్ల నుంచి 220 కోట్లకు, సరుకు నిల్వలు 150 కోట్ల నుంచి 240 కోట్లకు చేరాయి. కంపెనీ ఇతరులకు చెల్లించవలసినవి 90 నుంచి 110 కోట్లయ్యాయి. అంటే కొనుగోలుదారుల దగ్గర అదనంగా 100 కోట్లు, గిడ్డంగిలో అదనంగా 90 కోట్లు ఇరుక్కున్నాయి. సరఫరాదారులు అదనంగా అరువిచ్చినది 20 కోట్లే. తేడా 170 కోట్లు. లాభం 56 కోట్లకు, చేతి నుంచి పోని ఖర్చయిన తరుగుదల 24 కోట్లు కలిపితే 80 కోట్లు. అందులోంచి 170 తీసేస్తే వ్యాపారం ఏడాదంతా నడిచి తెచ్చిన డబ్బు ఏమీ లేకపోగా 90 కోట్లు మింగింది. కొత్త ఫ్రీజర్ల మీద 60 కోట్లు, డివిడెండు 10 కోట్లు కూడా ఖర్చయ్యాయనుకుంటే మొత్తం 160 కోట్ల లోటు. అది ఎక్కడి నుంచి వచ్చిందో స్వల్పకాలిక రుణాల వరుస చూస్తే తెలుస్తుంది: 140 కోట్లున్న ప్యాకింగ్ క్రెడిట్, అంటే ఎగుమతి సరుకు సిద్ధం చేయడానికి బ్యాంకు ఇచ్చే అప్పు, 300 కోట్లయింది.

లాభం పెరిగిన కంపెనీయే ఆ ఏడాది అప్పు రెట్టింపుకు మించి చేసుకుంది. రెండు మాటలూ నిజమే. రైతు భాషలో చెబితే, రొయ్య బాగా పెరిగింది, అమ్ముడుపోయింది, డబ్బు రాలేదు, మేతకు మళ్లీ అప్పు చేశాడు.

ఇక్కడ ఇంకొక మెలిక ఉంది. ఇండ్ ఏఎస్ అనే భారత అకౌంటింగ్ ప్రమాణాల ప్రకారం బ్యాంకులు, ఫైనాన్స్ సంస్థలు కాని కంపెనీలు తాము చెల్లించిన వడ్డీని నగదు ప్రవాహ నివేదికలో వ్యాపార కార్యకలాపాల కింద చూపవు, నిధుల సమీకరణ కింద చూపుతాయి. కాబట్టి వ్యాపార నగదు అన్న మొదటి విభాగంలోని అంకె వడ్డీ కట్టకముందుది. అప్పు భారం ఎక్కువగా ఉన్న ఎగుమతి కంపెనీలో ఈ తేడా చిన్నది కాదు. కింది విభాగంలో ఉన్న వడ్డీని పైకి తెచ్చి తీసివేసి చూడడం నాకు అలవాటు, చదువరులకు కూడా అదే సలహా ఇస్తాను.

బాకీలు 120 కోట్ల నుంచి 220 కోట్లయ్యాయన్న అంకె ఒక్కటీ తీర్పు కాదు. అమ్మకాలతో పోల్చి రోజుల్లోకి మార్చాలి: మొదటి ఏడాది దాదాపు 55 రోజుల అమ్మకం బాకీగా ఉంటే, రెండో ఏడాది 80 రోజులది. సరుకు ఓడలో అమెరికా తీరానికి చేరడానికే నెలకు పైగా పట్టే వ్యాపారంలో 55 రోజులు నన్ను భయపెట్టవు. కాని ఏడాదిలో 25 రోజులు జరిగిందంటే కారణం కావాలి. కొనుగోలుదారు ఇబ్బందిలో ఉండవచ్చు. అమ్మకం పోగొట్టుకోలేక కంపెనీయే గడువు పెంచి ఉండవచ్చు. మార్చి చివరి వారంలో హడావుడిగా సరుకు పంపి ఆ ఏడాది అమ్మకాల్లో చేర్చి ఉండవచ్చు. వీటిలో ఏది జరిగిందో కొంతవరకు తేల్చే పట్టిక ఇప్పుడు నివేదికలోనే ఉంది. కంపెనీల చట్టం మూడో షెడ్యూలుకు 2021లో చేసిన సవరణ ప్రకారం బాకీలను వయసు వారీగా, అంటే ఆరు నెలల లోపువి, ఆరు నెలల నుంచి ఏడాదివి, ఏడాది నుంచి రెండేళ్లవి, రెండు నుంచి మూడేళ్లవి, మూడేళ్లు దాటినవి అని విడగొట్టి, ఖాతాల వెనుక జతచేసే వివరణలైన నోట్సులో చూపాలి. వివాదంలో ఉన్న బాకీలను వేరుగా చూపాలి. అదే సవరణ కొన్ని ముఖ్యమైన నిష్పత్తులను ప్రకటించాలనీ, అవి గతేడాదితో పోలిస్తే 25 శాతానికి మించి మారితే కారణం రాయాలనీ నిర్దేశించింది. ఆ కారణాల వరుస తప్పక చదవవలసినది. ‘వ్యాపార పరిమాణం పెరిగినందువల్ల’ అన్న ఒకే వాక్యాన్ని ప్రతి నిష్పత్తి ఎదురుగా అంటించిన కంపెనీకీ, ఏ కొనుగోలుదారు వల్ల ఏ మార్పు వచ్చిందో విడమరచిన కంపెనీకీ మధ్య తేడా అక్కడే కనిపిస్తుంది.

మేత కంపెనీల విషయంలో బాకీల పద్దు ఇంకా లోతైనది. కంపెనీ మేతను డీలరుకు అరువిస్తుంది, డీలరు రైతుకు అరువిస్తాడు, రైతు పట్టుబడి రోజున తీరుస్తాడు. ఈ గొలుసు చివరి కొక్కెం చెరువులో ఉంది. ఉండి కాలువ కింద చెరువుల్లో వైట్ స్పాట్ అనే రొయ్యల తెగులు వచ్చి యాభై రోజుల పంటను ముందే పట్టేయవలసి వస్తే ఆ దెబ్బ మొదట రైతుకు, తరువాత డీలరుకు తగిలి, ఒకటి రెండు త్రైమాసికాల తరువాత కంపెనీ ఖాతాలో రాని బాకీలకు కేటాయింపుగా తేలుతుంది. డబ్బు రాదని తేలేదాకా ఆగకుండా, రాకపోవచ్చన్న అంచనాతోనే ముందుగా కేటాయించాలన్నది నేటి ప్రమాణం. చెరువులు దెబ్బతిన్న ఏడాదిలో కూడా ఆ కేటాయింపు పెరగని మేత కంపెనీ లాభాన్ని నేను పూర్తి లాభంగా లెక్కించను. ఈ విషయంలో ముంబయిలో కూర్చున్న విశ్లేషకుడి కంటే పాలకొల్లులో ఉన్న మదుపరికి ముందుగా తెలిసే అవకాశం ఉంది. ఆ ఊళ్లో డీలర్లు కొత్త అరువు ఆపేశారన్న సంగతి త్రైమాసిక ఫలితాల కంటే చాలా ముందే టీ కొట్టు దగ్గర వినిపిస్తుంది. డెల్టా వారికి ఉన్న ఈ సహజమైన మేలును డెల్టా వారే వాడుకోకపోవడం నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

సరుకు నిల్వకు వస్తే, దాన్ని కొన్న ఖర్చుకో లేదా అమ్మితే నికరంగా వచ్చే ధరకో, ఏది తక్కువైతే దానికి విలువ కట్టాలన్నది నియమం. ధరలు నిలకడగా ఉన్నప్పుడు దీన్ని ఎవరూ పట్టించుకోరు. 2025 ఆగస్టులో అమెరికా భారత సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఇక్కడ గట్టు ధరలు ఎలా కదిలాయో రైతులకు గుర్తుండే ఉంటుంది. అటువంటి సమయంలో పాత ధరకు కొని గడ్డకట్టించి ఉంచిన సరుకు విలువను కంపెనీ ఎంత తగ్గించింది, అసలు తగ్గించిందా అన్న ప్రశ్నకు జవాబు నిల్వల నోటులో చిన్న అక్షరాల్లో ఉంటుంది. మరొకటి: మార్చి 31 నాటికి వేసవి పంట పట్టుబడి ఇంకా ఊపందుకోదు. ఆ తేదీన శీతల గిడ్డంగి నిండుగా ఉందంటే అది అంతకుముందు అమ్ముడుపోని సరుకు కావచ్చు. లిస్టెడ్ కంపెనీలు సెప్టెంబరు నాటి ఆస్తి అప్పుల పట్టీని, అర్ధ సంవత్సరపు నగదు ప్రవాహాన్ని కూడా ప్రకటిస్తాయి కాబట్టి, రెండు తేదీలను పక్కపక్కన పెట్టుకుని చదివితే ఋతువు వల్ల వచ్చిన తేడా ఏదో, వ్యాపారంలో వచ్చిన తేడా ఏదో కొంత విడిపోతుంది.

కంపెనీ పేరు చూసి వ్యాపారాన్ని ఊహించుకోవడం మరొక పొరపాటు. తణుకులో 1947లో మొదలైన ఆంధ్రా షుగర్స్ పేరు వింటే చెరకు, పంచదార గుర్తుకొస్తాయి. విభాగాల వారీ నోటు తెరిస్తే కాస్టిక్ సోడా, క్లోరిన్ వంటి రసాయనాలు పంచదార కంటే ఎంతో పెద్ద వ్యాపారంగా కనిపిస్తాయి. ఇస్రో రాకెట్లకు ఇంధనం సరఫరా చేసిన సంస్థ కూడా అదే. చెరకు ధర పెరిగిందన్న వార్త చదివి ఆ షేరు గురించి నిర్ణయించుకునేవారు కాస్టిక్ సోడా ధర చూడవలసిన చోట మరో ధర చూస్తున్నట్టే. కొవ్వూరులో మేత తయారు చేసే అవంతి ఫీడ్స్ అయినా, 2017లో లిస్టయిన కాకినాడ అపెక్స్ ఫ్రోజెన్ ఫుడ్స్ అయినా, రాజమహేంద్రవరం ఆంధ్రా పేపర్ అయినా, రాబడి ఏ సరుకు నుంచి, ఏ దేశం నుంచి వస్తోందో నోట్సులో చూసిన తరువాతే మిగతా అంకెలకు అర్థం వస్తుంది. ఈ సంస్థల మంచి చెడ్డల మీద తీర్పు చెప్పడం నా ఉద్దేశం కాదు. మన ఇంటి పక్కనే ఉన్నాయన్న చనువు చదవకపోవడానికి కారణం కాకూడదనే చెబుతున్నాను.

ఇంతవరకు నగదును నమ్మమన్నట్టు రాశాను. ఆ నమ్మకానికి ఎదురు నిలిచే ఉదాహరణ మన ప్రాంతపు జ్ఞాపకంలోనే ఉంది. 2009 జనవరి 7న సాఫ్ట్‌వేర్ సంస్థ సత్యం కంప్యూటర్స్ అధినేత, భీమవరం ప్రాంతపు కుటుంబానికి చెందిన బైర్రాజు రామలింగరాజు డైరెక్టర్ల బోర్డుకు రాసిన లేఖలో ఒప్పుకున్న అంకెలు నేటికీ మళ్లీ మళ్లీ చదవదగినవి. 2008 సెప్టెంబరు 30 నాటికి ఖాతాల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనివి. ఆ నిల్వల మీద రావలసి ఉందని చూపిన 376 కోట్ల వడ్డీ లేనిది. బాకీలు 490 కోట్ల మేర ఎక్కువ చేసి చూపినవి. 1,230 కోట్ల అప్పు ఖాతాకెక్కనిది. ఆ త్రైమాసికంలో చూపిన రాబడి 2,700 కోట్లు, నిజమైనది 2,112 కోట్లు. చూపిన నిర్వహణ మిగులు 649 కోట్లు, నిజమైనది 61 కోట్లు. రెండు తేడాలూ 588 కోట్లే. ఆ ఒక్క త్రైమాసికంలోనే లేని నగదు 588 కోట్లు పెరిగిందని కూడా లేఖలో ఉంది. కల్పించిన అమ్మకానికి జీతాలు లేవు, అద్దె లేదు, కరెంటు లేదు. కాబట్టి కల్పన మొత్తం చెక్కుచెదరకుండా రాబడి నుంచి లాభానికి, లాభం నుంచి నగదుకు నేరుగా దిగిపోయింది.

మరి నగదు ప్రవాహం చూసిన మదుపరి కూడా మోసపోయి ఉండేవాడు కదా అంటే, నిజమే. దొంగ డిపాజిట్ పత్రాలను అచ్చయిన నివేదికలోంచి ఎవరూ పట్టుకోలేరు. అది ఆడిటరు పని, ఆ పని జరగలేదు. బయటి చదువరికి మిగిలేవి నగదును ఇతర పద్దులతో సరిపోల్చే కొన్ని ఆధారాలు మాత్రమే. ఇంత నిల్వ మీద రావలసిన వడ్డీ నిజంగా చేతికి వచ్చిందా, లేక వడ్డీ కూడా రావలసిన పద్దులోనే పోగుపడుతోందా? ఇంత డబ్బున్న సంస్థ ఎందుకు అప్పు చేస్తోంది? ప్రమోటర్ల వాటా ఎంత, అందులో తాకట్టులో ఉన్నది ఎంత? సత్యంలో ప్రమోటర్ల వాటా అప్పటికి పది శాతం లోపే ఉండేది. తాకట్టు వివరాలు ప్రకటించాలన్న నిబంధనను షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ తెచ్చింది ఆ లేఖ తరువాత, 2009లోనే. అన్నిటికంటే పెద్ద సూచన 2008 డిసెంబరు 16న బహిరంగంగానే వచ్చింది. రాజు కుటుంబానికి చెందిన, స్థిరాస్తి, నిర్మాణ రంగాల్లోని రెండు మేటాస్ సంస్థలను కొనడానికి సత్యం సిద్ధపడి, మదుపరులు తిరగబడడంతో గంటల్లోనే వెనక్కి తగ్గింది. లేని నగదు స్థానంలో నిజమైన ఆస్తులు చేర్చడానికి అది చివరి ప్రయత్నమని లేఖే చెప్పింది. సాఫ్ట్‌వేర్ కంపెనీ నగదు అధినేత ఇంటివారి భూముల వైపు కదలడం చూసి ఆ వారంలోనే బయటపడినవారు ఉన్నారు. మా శాఖకు వచ్చే ఖాతాదారుల్లో, మన వాళ్ల కంపెనీ అన్న ఒక్క మాట మీద చివరిదాకా పట్టుకుని కూర్చున్నవారిని కూడా చూశాను. కూతురి పెళ్లికని దాచిన షేర్ల కాగితాలు పట్టుకుని ఒక పెద్దాయన నా బల్ల ఎదుట మాట లేకుండా కూర్చున్న ఉదయం నేను మరచిపోలేదు. ఈ వ్యాసం రాయడానికి మూలం ఆ ఉదయమే.

అందువల్ల సొంతవారితో జరిపిన లావాదేవీల నోటును నేను లాభం కంటే ముందు చదువుతాను. ప్రమోటర్ల ఇతర సంస్థలకు ఇచ్చిన అప్పులు, అడ్వాన్సులు, హామీలు, అద్దెలు అన్నీ అక్కడ పేరు పేరునా ఉండాలి. వరుసగా మూడేళ్ల నోట్లు పక్కన పెట్టుకుంటే, ఇచ్చిన అప్పు తిరిగి వస్తోందా, ఏటా కొత్త పేరుతో కొనసాగుతోందా అన్నది బోధపడుతుంది. దాని తరువాత సంభావ్య బాధ్యతల, అంటే ముందుముందు మీద పడే అవకాశమున్న చెల్లింపుల, నోటు. ఎగుమతి కంపెనీకి సుంకాల వివాదాలు, అనుబంధ సంస్థల కోసం బ్యాంకులకిచ్చిన హామీలు అక్కడే ఉంటాయి, ఆస్తి అప్పుల పట్టీలో కనబడవు.

ఆడిటరు నివేదికలో చాలామంది అభిప్రాయం అన్న మొదటి పేరా దగ్గరే ఆగిపోతారు. ఒక బ్యాంకు ఉద్యోగిగా నాకు అత్యంత విలువైనది దాని అనుబంధం. ఆడిటరు ఏయే సంగతులు నివేదించాలో చెప్పే 2020 నాటి కారో ఉత్తర్వు ప్రకారం, బ్యాంకుల నుంచి సరుకు, బాకీల వంటి ఆస్తుల హామీ మీద 5 కోట్లకు మించిన వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ వ్యాపారానికి వాడే అప్పు) పరిమితి మంజూరైన కంపెనీ ప్రతి త్రైమాసికం బ్యాంకుకు ఇచ్చిన స్టాక్ స్టేట్‌మెంట్లు, అంటే సరుకు, బాకీల లెక్కలు, తన సొంత ఖాతాలతో సరిపోయాయా లేదా అన్నది ఆడిటరు రాయాలి, సరిపోకపోతే తేడా ఎంతో చూపాలి. సరుకును భౌతికంగా తనిఖీ చేసినప్పుడు ఏ రకంలోనైనా పది శాతం లేదా అంతకు మించిన తేడా కనబడిందా అన్నదీ చెప్పాలి. అప్పట్లో మేము నెట్టు ఎక్కి తెలుసుకున్న సంగతి ఈనాడు ఇంట్లో కూర్చున్న వాటాదారుకు అచ్చులో దొరుకుతోంది. బ్యాంకుకు ఎక్కువ సరుకు చూపి, ఖాతాల్లో తక్కువ చూపిన కంపెనీ ఏదో ఒక చోట నిజం చెప్పలేదు. తేడా రెండు మూడు త్రైమాసికాలు ఒకే వైపు ఉంటే ఆ షేరు నేను ముట్టుకోను, ధర ఎంత చవకగా కనిపించినా.

ఇన్ని పేజీలు ఇంగ్లీషులోనే ఉండడం డెల్టా మదుపరికి నిజమైన అడ్డంకి, దాన్ని తక్కువ చేసి మాట్లాడలేను. కాని అందులో అంకెలు అందరివీ, నోట్ల క్రమం దాదాపు అన్ని కంపెనీల్లోనూ ఒకే తీరుగా ఉంటుంది. ఒక నివేదికలో బాకీల వయసు పట్టిక ఎక్కడుందో పిల్లల సాయంతో ఒకసారి పోల్చుకున్నవారికి రెండో నివేదికలో వెతకడం కష్టం కాదు. సాధారణంగా సెప్టెంబరు నెలాఖరులోగా కంపెనీల వార్షిక సమావేశాలు జరుగుతాయి. నివేదిక అంతకు కనీసం 21 రోజుల ముందు వాటాదారుకు చేరుతుంది. 2020 నుంచి చాలా కంపెనీలు ఈ సమావేశాలను వీడియోలోనే జరుపుతున్నందున అమలాపురంలో ఉన్న వాటాదారు కూడా ముందుగా పేరు నమోదు చేసుకుని ఛైర్మన్‌ను నేరుగా ప్రశ్నించవచ్చు. పది షేర్లున్నా చాలు. ఆరు నెలలు దాటిన బాకీలు ఎందుకు పెరిగాయి, బ్యాంకుకిచ్చిన స్టేట్‌మెంటుకూ ఖాతాకూ తేడా ఎందుకు వచ్చింది, సొంత సంస్థకిచ్చిన అడ్వాన్సు ఏ తేదీకి తిరిగి వస్తుంది అన్న మూడు ప్రశ్నలను ఒక కాగితం మీద రాసుకుని, డీమ్యాట్ ఖాతా నంబరు పక్కన పెట్టుకుని, గడువులోగా ఈమెయిలు పంపితే సరిపోతుంది.